దుబాయ్ పెట్టెలో వచ్చిన వస్తువులు: టూ ఇన్ వన్ నుంచి పవర్ బ్యాంక్ దాకా



చరిత్ర అనగానే రాజులూ యుద్ధాలే గుర్తొస్తాయి మనకి. కానీ మన ఇంట్లో టీవీ కింద సొరుగులో పడున్నది కూడా చరిత్రే. ఒకసారి తెరిచి చూడండి. నాలుగు రకాల ఛార్జర్లు, దేనిదో తెలీని కేబుల్, నర్సెస్ డేకి ఇచ్చిన పవర్ బ్యాంక్, మందుల కంపెనీ పేరున్న పెన్ డ్రైవ్, మనీ ఎక్స్ఛేంజ్ వాళ్ళ కీచైన్ లైటు, పారేయడానికి మనసొప్పని పాత నోకియా. వీటిలో మనం డబ్బు పెట్టి కొన్నవి ఎన్ని? ఎవరో ఊరికే ఇచ్చినవి ఎన్ని? ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. వీటిలో నిజంగా మన పేరు మీద ఉన్నవి ఎన్ని? ఈ మూడో ప్రశ్న కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. యాభై ఏళ్ళ కథ, కాస్త ఓపిగ్గా చదవండి.

ఇంటిల్లిపాదీ విన్న ఉత్తరం

ఎమిరేట్స్ ఒక దేశంగా ఏర్పడింది 1971 డిసెంబరు 2న. రస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరిలో వచ్చి చేరింది. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగాక ఇక్కడ రోడ్లు, రేవులు, ఆస్పత్రులు కట్టడానికి మనుషులు కావలసి వచ్చారు. హైదరాబాదు నుంచి, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి మగవాళ్ళు బయల్దేరారు. తర్వాత కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళు కూడా ఇళ్ళలో పనికి గల్ఫ్ దేశాలకు రావడం మొదలైంది.

అప్పట్లో దుబాయ్ నుంచి ఇంటికి పోయేవాళ్ళ చేతిలో తప్పకుండా ఉండేది టూ ఇన్ వన్. అంటే రేడియో, టేప్ రికార్డర్ రెండూ ఒకే పెట్టెలో. నేషనల్ పానసోనిక్, సోనీ, సాన్యో, షార్ప్, అకాయ్. ఈ పేర్లు మన ఊళ్ళకి తెలిసింది ఎక్కువగా దుబాయ్ పెట్టెల వల్లే. బర్ దుబాయ్‌లో అల్ ఫహీదీ వీధి, డేరాలో సబ్ఖా వైపు దుకాణాలు వీటితోనే నిండి ఉండేవి. జంబో ఎలక్ట్రానిక్స్ 1974లో మొదలైంది. దాన్ని పెట్టిన మనూ ఛాబ్రియా కూడా మన దేశం వాడే.

ఇక్కడ చవక, అక్కడ అపురూపం. ఎందుకంటారా? దుబాయ్ వ్యాపారం మీద బతికే రేవు. జపాను నుంచి ఓడలో దిగిన సరుకు మీద పన్ను నామమాత్రం. మన దేశంలోనేమో 1991 దాకా విదేశీ వస్తువు మీద సుంకం విపరీతం, లైసెన్సుల గొడవ వేరే. అందుకే దుబాయ్‌లో కూలీ పని చేసేవాడు కొనగలిగిన రేడియో, ఊళ్ళో మోతుబరి ఇంట్లో కూడా ఉండేది కాదు. అతను తెచ్చింది పాటలు వినే పెట్టె మాత్రమే అనుకోకండి. ఊళ్ళో తన ఇంటికి కాస్త గౌరవం కూడా తెచ్చాడు.

టేపు క్యాసెట్‌ని ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చింది, మాటలు రికార్డు చేసుకోవడానికి. పాటలు తర్వాత వచ్చాయి. గల్ఫ్ వాళ్ళు దాన్ని మళ్ళీ మాటల కోసమే వాడుకున్నారు. ఉత్తరం రాయడం రానివాళ్ళకి అది పెద్ద వరం. రాసిపెట్టమని ఇంకొకర్ని బతిమాలనక్కర్లేదు. రూములో కూర్చుని అరగంట మాట్లాడి, ఊరికి పోయేవాడి చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవారు. వాళ్ళ మాటలు విన్నాక ఇంటివాళ్ళు జవాబు రికార్డు చేసి పంపేవారు. మలయాళీలైతే ఈ ఎడబాటు మీద 'కత్తు పాట్టు' అని ఉత్తరాల పాటలే కట్టుకున్నారు.

అయితే ఒక్క విషయం ఆలోచించండి. ఆ టేప్ రికార్డర్ ఉండేది నట్టింట్లో. అత్తగారు, మామగారు, ఆడపడుచులు, పక్కింటివాళ్ళు అందరూ చుట్టూ కూర్చుంటే క్యాసెట్ తిరిగేది. భర్త గొంతు వినడానికి భార్య తలుపు చాటున నిలబడేది. ఆమె కోసం ప్రత్యేకంగా ఒక్క మాట చెప్పాలన్నా అందరి ముందూ చెప్పాల్సిందే. ఆమె జవాబు చెప్పాలన్నా అంతే. ఆ పెట్టె భర్త సంపాదనతో వచ్చింది, ఇంటి పేరు నిలబెట్టింది, కానీ ఆమెది మాత్రం కాదు. మన వస్తువుల చరిత్రలో మొదటి పాఠం ఇదే అనిపిస్తుంది నాకు. ఇంట్లో ఉండటం వేరు, చేతిలో ఉండటం వేరు.

ఫోన్ ఉన్న దేశం, ఫోన్ లేని మనం

ఎతిసలాత్ 1976లో ఏర్పడింది. 1982లోనే ఇక్కడ మొబైల్ సర్వీసు వచ్చింది. కానీ అది కార్లలో పెట్టుకునే ఫోన్ల కాలం. మనవాళ్ళకి దానితో పనేముంది? అప్పటికి మన ఊళ్ళలో ఫోన్ కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసులో పడిగాపులు పడాలి. 1984లో సీ-డాట్ పెట్టాక, ఎనభైల చివర్లో పసుపు రంగు బోర్డుల ఎస్టీడీ బూతులు వచ్చాక గానీ పల్లెకి గొంతు చేరలేదు.

ఇక్కడేమో శుక్రవారం సాయంత్రం కార్డు ఫోన్ల దగ్గర వరస. కార్డులో యూనిట్లు కరిగిపోతుంటే "బాగున్నారా, బాగున్నాం, డబ్బు అందిందా" అని మూడు మాటలు. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి అదీ లేదు. వీధిలోకి వెళ్ళడానికి సెలవుండాలి. ఆ ఇంటి ఫోన్ వాడుకోవాలంటే మేడమ్ ఒప్పుకోవాలి. తల్లి చనిపోయిన కబురు నెల తర్వాత తెలిసినవాళ్ళు ఆ తరంలో ఉన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళనడగండి, చెబుతారు.

ఈ మధ్యలోనే 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి మన దేశంలో కలర్ టీవీ వచ్చింది. ఇక దుబాయ్ పెట్టెలో టూ ఇన్ వన్ పక్కన కలర్ టీవీ, వీసీఆర్ చేరాయి. ఎయిర్‌పోర్టులో తాళ్ళతో కట్టిన అట్టపెట్టె, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు, ఊరు. అది చూడని వాళ్ళు మన గ్రూపులో ఉండరేమో.

'ఫ్రీ' వచ్చిన రోజులు

1994లో ఇక్కడ జీఎస్ఎం మొబైల్ వచ్చింది, మరుసటేడాది ఇంటర్నెట్. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న జరిగింది. 1997లో ఆక్సియమ్ టెలికాం దుకాణాలు మొదలయ్యాయి. 2000లో నోకియా 3310, 2003లో నోకియా 1100 వచ్చాయి. ఈ 1100 ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడైంది. దానికి టార్చి లైటు ఉండేది, దుమ్ము పట్టని కీప్యాడ్ ఉండేది, ఒకసారి ఛార్జి పెడితే రోజుల తరబడి వచ్చేది. ఎండలో పనిచేసేవాళ్ళకీ, కరెంటు పోయే ఊళ్ళకీ సరిగ్గా సరిపోయింది. దుబాయ్ నుంచి పోయేవాళ్ళని తమ్ముడు, బావమరిది, మేనల్లుడు అందరూ అడిగింది అదే. మిస్డ్ కాల్ భాష పుట్టింది కూడా అప్పుడే. ఒకసారి మోగితే చేరాను, రెండుసార్లు మోగితే ఫోన్ చెయ్యి.

ఉచిత వస్తువుల కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దుబాయ్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో 1981లో కంప్యూటర్ల ప్రదర్శన ఒకటి మొదలైంది, అదే తర్వాత జైటెక్స్ అయింది. మొదట్లో అది కంపెనీల వాళ్ళ కోసం. తర్వాత మామూలు జనం కొనుక్కోవడానికి జైటెక్స్ షాపర్ పెట్టారు. 1996లో దుబాయ్ షాపింగ్ ఫెస్టివల్ వచ్చింది. కార్లు, బంగారం లాటరీలతో ఊరంతా పండగ. ల్యాప్‌టాప్ కొంటే బ్యాగు, మౌసు, ప్రింటరు ఫ్రీ. ఫోన్ కొంటే కవరు, హెడ్‌సెట్, మెమరీ కార్డు ఫ్రీ.

ఊరికే ఎందుకిస్తారు? దీని లెక్క మనం వంటింట్లో వేసుకునే లెక్కే. ఒకే కంపెనీ ఫోన్ పది దుకాణాల్లో ఇంచుమించు ఒకే ధరకి దొరుకుతుంది. ధర తగ్గిస్తే దుకాణదారుకి మిగిలేది తగ్గుతుంది, కంపెనీ కూడా ఒప్పుకోదు. అదే చేతికో సంచీ ఇస్తే మనకి ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది, టోకున కొన్న వాళ్ళకి తక్కువే అవుతుంది. 2004లో డ్రాగన్ మార్ట్ తెరిచాక చైనా కేబుళ్ళు, కవర్లు, ఇయర్‌ఫోన్లు ఇంకా చవకయ్యాయి. వెయ్యి ముక్కలు కొని పైన కంపెనీ పేరు అచ్చు వేయిస్తే చాలు, ప్రచారం మన చేతిలోనే తిరుగుతుంటుంది. 2007 ఫిబ్రవరిలో డు కంపెనీ సేవలు మొదలుపెట్టాక సిమ్‌ల మధ్య పోటీ పెరిగింది. ఒక్కొక్కరి దగ్గర రెండేసి నంబర్లు వచ్చాయి. జనాభా కంటే మొబైల్ కనెక్షన్లు ఎక్కువున్న దేశాల్లో మనం ఉంటున్నది ఒకటి.

చవకకి ఖరీదు ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది. పెద్ద స్పీకర్, రెండు సిమ్‌లు, టీవీ ఏంటెన్నా ఉన్న చైనా ఫోన్లు తెగ కొని ఊళ్ళకి పంపారు. చాలావాటికి సరైన ఐఎంఈఐ నంబరు లేదు. 2009 నవంబరు 30 అర్ధరాత్రి నుంచి అలాంటి ఫోన్లకి మన దేశంలో కనెక్షన్లు ఆపేశారు. బహుమతిగా ఇచ్చిన ఫోన్ తెల్లారేసరికి బొమ్మయి కూర్చుంది.

పెన్ డ్రైవ్, పవర్ బ్యాంక్: ఉచితం తీసుకునే ముందు

మన నర్సులకి ఈ భాగం బాగా తెలుసు. సీపీడీ గంటల కోసం కాన్ఫరెన్సులకి వెళ్తాం. 1975లో మొదలై 2025 దాకా అరబ్ హెల్త్ పేరుతో జరిగిన ప్రదర్శన లాంటిదానికి వెళ్తే సంచీ నిండా సామాను. ఒకప్పుడు పెన్నులు, క్యాలెండర్లు. 2000 చివర్లో పెన్ డ్రైవ్ మార్కెట్లోకి వచ్చింది. అప్పుడది 8 ఎంబీ, ఇవాళ్టి ఒక్క ఫొటో పట్టడం కూడా కష్టం. ధర తగ్గేకొద్దీ అది కొన్నాళ్ళు అందరికీ పంచే వస్తువైంది.

దానికీ ఒక కథ ఉంది. 2010 మేలో ఆస్ట్రేలియాలో కంప్యూటర్ భద్రత మీదే పెద్ద సదస్సు జరిగింది. అక్కడికి వచ్చినవాళ్ళకి ఐబీఎం కంపెనీ ఉచితంగా పెన్ డ్రైవ్‌లు ఇచ్చింది. తర్వాత చూస్తే వాటిలో వైరస్. కంపెనీయే అందరికీ మెయిల్ రాసి క్షమాపణ చెప్పుకుంది. భద్రత గురించి చెప్పే చోటే అలా జరిగిందంటే, ఎక్కడో సంచీలో వచ్చినదాన్ని వార్డు కంప్యూటర్‌కి పెట్టొచ్చా? రోగుల వివరాలన్నీ అందులోనే కదా ఉండేది.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక బ్యాటరీ సాయంత్రానికే ఖాళీ. అందుకే పెన్ డ్రైవ్ స్థానంలోకి పవర్ బ్యాంక్ వచ్చింది. విమానం ఎక్కేవాళ్ళు దీన్ని జాగ్రత్తగా చదవండి. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచీలోనే ఉండాలి. ఎమిరేట్స్ విమానాల్లో 2025 అక్టోబరు 1 నుంచి ఒక్కరికి ఒక్కటే, అదీ 100 వాట్-అవర్ లోపుది, విమానంలో వాడకూడదు, ఛార్జి పెట్టకూడదు. పైన సామాన్ల అరలో కాకుండా ముందు సీటు జేబులోనో సీటు కిందో పెట్టాలి. లెక్క చాలా తేలిక. దాని మీదున్న ఎంఏహెచ్ అంకెని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 అయితే 74 వాట్-అవర్, పర్లేదు. 27,000 దగ్గర 100కి చేరుకుంటాం. అసలు చిక్కు ఎక్కడంటే, ఉచితంగా వచ్చిన వాటి మీద కంపెనీ పేరు పెద్దగా ఉంటుంది, ఈ అంకె ఉండనే ఉండదు. అంకె కనబడకపోతే ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పెడతారు. లోపల ఎలాంటి బ్యాటరీ పెట్టారో కూడా ఎవరికీ తెలీదు. అలాంటిది పిల్లల మంచం దగ్గర ఛార్జి పెట్టి నిద్రపోకండి.

పెట్టె దిశ మారింది

2010 ఆగస్టులో ఇక్కడి టెలికాం సంస్థ అక్టోబరు 11 నుంచి బ్లాక్‌బెర్రీ సేవలు ఆపేస్తామని ప్రకటించింది. చివరి రోజుల్లో రాజీ కుదిరి ఆగింది. 2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆనాటి క్యాసెట్ ఉత్తరం మళ్ళీ పుట్టినట్టే. ఈసారి నట్టింట్లో కాదు, చెవి దగ్గర పెట్టుకుని వినే ఉత్తరం. వాట్సాప్ కాల్స్ మాత్రం ఇక్కడ పనిచేయవు. స్కైప్ కూడా 2018 నాటికి ఆగిపోయింది. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లకి నెలకింత అని కట్టి మాట్లాడుకోవడం అలవాటైంది. దొంగచాటు దారులు వెతికేవాళ్ళకి ఒక హెచ్చరిక. వీపీఎన్ పెట్టి నేరం చేస్తే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా చట్టంలో ఉంది.

ఈ కాలంలోనే పెట్టె దిశ కూడా మారింది. 2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ టీవీ తీసుకెళ్తే మన దేశంలో 35 శాతం సుంకం వేయడం మొదలుపెట్టారు, సెస్‌తో కలిపి 36 శాతం దాటింది. విమానాల్లో టీవీ పెట్టెలు పలచబడ్డాయి. అక్కడ అన్నీ వాయిదాల మీద దొరుకుతున్నాయి కూడా. పైగా ఇక్కడ అమ్మే ఐఫోన్లలో ఫేస్‌టైమ్ లేకపోవడంతో కొందరు ఫోన్ ఇండియాలోనే కొని తెచ్చుకోవడం మొదలుపెట్టారు. దుబాయ్ నుంచి రేడియో మోసుకెళ్ళిన వాళ్ళ పిల్లలు హైదరాబాదు నుంచి దుబాయ్‌కి ఫోన్ మోసుకొచ్చారన్నమాట.

2020 మార్చి 22న బడులన్నీ ఇంటినుంచి చదువుకి మారాయి. ఇద్దరు పిల్లలుంటే రెండు ల్యాప్‌టాప్‌లు కావాలి, ఒక్క ఫోన్‌తో సర్దుకున్న ఇళ్ళెన్నో. తర్వాత అల్ హోస్న్ యాప్‌లో పచ్చ రంగు కనిపిస్తేనే అబుదాబిలో మాల్‌లోకి అడుగుపెట్టనిచ్చారు. అప్పటిదాకా ఫోన్ అంటే మాట్లాడుకునేది. అప్పట్నుంచి తలుపు తీసే తాళంచెవి అయింది. 2018లో వచ్చిన యూఏఈ పాస్ ఫోన్‌లోనే. 2025 జులై నుంచి బ్యాంకులు ఎస్ఎంఎస్ ఓటీపీలు తీసేస్తూ యాప్‌లోనే ఒప్పుకోవాలంటున్నాయి. అంటే మన జీతం, మన వీసా పనులు, మన సంతకం అన్నీ ఆ అరచేతి ముక్కలో ఉన్నాయి.

ఎవరి పేరు మీద ఉంది?

ఇప్పుడు మొదట అడిగిన మూడో ప్రశ్నకి వద్దాం. 2012 జులైలో ఇక్కడ 'నా నంబరే నా గుర్తింపు' అనే కార్యక్రమం పెట్టి, ప్రతి సిమ్‌నీ వాడేవాళ్ళ పేరు మీద నమోదు చేసుకోమన్నారు. అప్పటిదాకా ఎవరి సిమ్‌లో ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేది కాదు. మరి ఇన్నేళ్ళ తర్వాత మన సిమ్ మన పేరు మీదే ఉందా?

చాలామందికి లేదు. వచ్చిన కొత్తలో భర్త తన ఐడీ మీద తీసిచ్చిన సిమ్ అలాగే ఉండిపోతుంది. ఇళ్ళలో పనిచేసే చెల్లెళ్ళకి ఇంటివాళ్ళు ఇచ్చిన సిమ్ ఉంటుంది. నాకు తెలిసిన ఒకామె ఇల్లు మారినప్పుడు పాత ఇంటివాళ్ళు సిమ్ తీసేసుకున్నారు. వాళ్ళు మోసం చేశారని కాదు, సిమ్ వాళ్ళ పేరు మీదుంది కాబట్టి వాళ్ళదే. కానీ దాంతోపాటు ఆమె బ్యాంకు నంబరు పోయింది, ఊళ్ళో పిల్లలకి తెలిసిన ఒకే ఒక్క నంబరు పోయింది. మూడు వారాలు అమ్మ ఎక్కడుందో పిల్లలకి తెలీలేదు. కార్డు ఫోన్ల కాలం పోయిందనుకుంటాం, కొందరికి ఇంకా పోలేదు.

మన దేశంలో పరిస్థితీ అంతే. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తాము సొంతంగా వాడే మొబైల్ ఉందని చెప్పిన ఆడవాళ్ళు 54 శాతం. అంతకు ముందు సర్వేలో 46. పెరిగింది, సంతోషం. కానీ ఇంకా దాదాపు సగంమంది చేతిలో తమ ఫోన్ లేదు. ఇంట్లో ఫోన్ ఉంటుంది, వాళ్ళ చేతిలో ఉండదు. నట్టింట్లో టేప్ రికార్డర్‌లాగే.

కాబట్టి ఈ వారం మూడు పనులు చేయండి. మొదటిది, ఇక్కడి టెలికాం సంస్థ టీడీఆర్ఏ వారి 'హిసాబాతీ' సేవలో మీ ఎమిరేట్స్ ఐడీ మీద ఏ నంబర్లున్నాయో చూసుకోండి. మీరు వాడేది అందులో లేకపోతే మీ పేరు మీదకి మార్పించుకోండి. మీకు తెలీని నంబరు ఉంటే తీయించేయండి, దాంతో ఎవరేం చేసినా మన మీదకే వస్తుంది. ఇండియా నంబర్లకైతే 'సంచార్ సాథీ' వెబ్‌సైట్‌లో ఇలాగే చూసుకోవచ్చు. రెండోది, ముఖ్యమైన నాలుగు నంబర్లు కాగితం మీద రాసి పాస్‌పోర్టు కవర్లో పెట్టుకోండి. ఫోన్ పోయినా, తీసుకున్నా ఆ కాగితం ఉంటుంది. మూడోది, మీ బిల్డింగ్‌లో, మీ పార్కులో కనబడే ఇంటి పని చెల్లెళ్ళకి ఈ విషయం చెప్పండి. చదవడం రాకపోతే వాయిస్ మెసేజ్ చేసి పంపండి.

ఈసారి ఊరికి వెళ్ళేటప్పుడు అమ్మకి ఏం తీసుకెళ్ళాలా అని ఆలోచిస్తుంటారు కదా. ఫోన్ తీసుకెళ్ళండి. ఉచితంగా వచ్చిన ఇయర్‌ఫోన్లు, రింగ్ లైటు పక్కన పెట్టండి. ఇక్కడి మూడు పలకల పిన్ను అక్కడ పట్టదు, ఛార్జర్ అక్కడిదే కొనండి. సిమ్ మాత్రం అన్నయ్య ఆధార్ మీద కాకుండా అమ్మ ఆధార్ మీదే తీయించండి. తాళం వేయడం, తీయడం ఆమెకే నేర్పండి. ఆ తర్వాత మీరు పెట్టే మెసేజ్ ముందు ఎవరు వినాలో ఆమే చూసుకుంటుంది.